హెచ్-4 మీద కమ్యూనిటీ కాలేజీలో నెట్‌వర్కింగ్: రెండేళ్ల డిగ్రీ చేయాలా, సీసీఎన్‌ఏ కోర్సులు మూడూ చాలా?

పల్నాటి పిల్ల:

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర ఒక పల్లె. 2014లో బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేసి, గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐటీ విభాగంలో మూడేళ్లు పనిచేశాను. పని అంటే గొప్పదేమీ కాదు. ప్రింటర్ కదలడం లేదంటే వెళ్లి చూడడం, ఓపీ కౌంటర్‌లో నెట్ పోయిందని ఫోన్ వస్తే రౌటర్ ఆపి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ వేయడం. ఆపి వేస్తే అది ఎందుకు బాగవుతుందో ఆ మూడేళ్లలో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పెళ్లయ్యాక టెక్సస్‌కు వచ్చాము. ఇప్పుడు ఫ్రిస్కోలో ఉంటున్నాము. మావారిది హెచ్-1బీ ఉద్యోగ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్-4. ఆయన గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 దరఖాస్తు ఇంకా ఆమోదం కాలేదు కాబట్టి నాకు వర్క్ పర్మిట్ వచ్చే దారి ప్రస్తుతానికి లేదు. బాబు ఆగస్టులో కిండర్‌గార్టెన్‌కు వెళ్తాడు. అప్పటి నుంచి పగటిపూట ఆరు గంటలు నా చేతిలో ఉంటాయి. ఆ సమయంలో దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో కంప్యూటర్ నెట్‌వర్కింగ్ చదవాలని ఉంది.

నా సందేహాలు ఇవి. హెచ్-4 మీదే చదవవచ్చా, లేక ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాలా? రెండేళ్ల అసోసియేట్ డిగ్రీకి చేరడం మంచిదా, లేక సీసీఎన్‌ఏ అనే సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్‌కు సంబంధించిన కోర్సులు మాత్రం తీసుకుంటే సరిపోతుందా? మావారి స్నేహితులు మాత్రం, "ఇప్పుడంతా క్లౌడే, ఈ రోజుల్లో కేబుళ్లు పట్టుకునేదెవరు, యూట్యూబ్ చూసి ఏదైనా క్లౌడ్ సర్టిఫికేషన్ చేసుకోమనండి" అంటున్నారు. వారి మాట కొట్టివేయలేను, కానీ ఎందుకో మనసు ఒప్పుకోవడం లేదు. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

ఎనిమిది తీగలు:

చెల్లెమ్మా, నేను సరిగ్గా ఈ దారిలోనే వచ్చాను, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. హెచ్-4 మీద పూర్తికాలమైనా, పార్ట్‌టైమ్ అయినా చదవవచ్చు. విద్యార్థి వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం అక్కరలేదు, ఎఫ్-1కు మారనక్కరలేదు. ఎఫ్-1కు మారితే క్యాంపస్‌లో పని, చదువు తరువాత ఏడాది ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి) లాంటివి దొరికే మాట నిజమే, కానీ ఫీజు బయటి రాష్ట్రంవారి లెక్కన కట్టాలి, ప్రతి సెమిస్టరూ పూర్తికాలం చదివి తీరాలి. చిన్న పిల్లవాడితో అది కష్టం.

ఫీజు దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. టెక్సస్ కమ్యూనిటీ కాలేజీల్లో సాధారణంగా మూడు రేట్లు ఉంటాయి: ఆ కాలేజీ జిల్లా పరిధిలో ఉన్నవారికి ఒకటి, రాష్ట్రంలోనే వేరే చోట ఉన్నవారికి ఒకటి, బయటివారికి ఒకటి. హెచ్-4 వారు కూడా 12 నెలలుగా టెక్సస్‌లో స్థిరనివాసం ఉన్నట్లు చూపగలిగితే మొదటి రెండు రేట్లకు అర్హులు. నేను చేరినప్పుడు కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నా పాస్‌పోర్ట్ చూడగానే నన్ను ఇంటర్నేషనల్ స్టూడెంట్ అని నమోదు చేసేసింది. మొదటి బిల్లు చూసి చదువు మానేద్దామనుకున్నాను. తరువాత రెసిడెన్సీ ప్రశ్నావళి నింపి, ఇంటి లీజు, డ్రైవింగ్ లైసెన్సు, హెచ్-4 ఆమోద పత్రం ఐ-797 నకలు జతచేసి మళ్లీ అడిగితే మార్చారు. గడువు ఆ సెమిస్టర్ సెన్సస్ తేదీ (కాలేజీ విద్యార్థుల లెక్క ఖాయం చేసే రోజు) వరకే ఉంటుంది కాబట్టి చేరకముందే ఈ పని పూర్తి చేసుకోండి. ఇంకొక మాట: ఫ్రిస్కో ఊరు సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంది. కాలిన్ కాలేజీకి కాలిన్ కౌంటీయే సొంత పరిధి కాబట్టి, మీ అపార్ట్‌మెంట్ రోడ్డుకు ఏ వైపున ఉందన్నదాన్ని బట్టి ఫీజు మారిపోతుంది. ఫెడరల్ ఆర్థిక సహాయం మాత్రం హెచ్-4 వారికి రాదు, దానికోసం సమయం వృథా చేసుకోకండి.

ఇక డిగ్రీ మాట. నెట్‌వర్కింగ్‌లో ఇచ్చేది ఎక్కువగా అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్, అంటే దాదాపు 60 క్రెడిట్లు. ఇందులో దాదాపు పావు వంతు ఇంగ్లీషు, లెక్కలు, సోషల్ సైన్స్ వంటివే. పైగా ఈ అప్లైడ్ సైన్స్ క్రెడిట్లను నాలుగేళ్ల యూనివర్సిటీలు అన్నింటినీ తీసుకోవు. మీకు ఇప్పటికే బీఎస్సీ ఉంది. కొన్ని కాలేజీల్లో చివరి సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేస్తారు. వర్క్ పర్మిట్ లేకుండా మీరు అది చేయకూడదు. జీతం ఇవ్వకపోతే ఫరవాలేదని ఎవరైనా అన్నా నమ్మకండి, ముందు లాయర్‌ను అడగండి. దాని బదులు క్యాప్‌స్టోన్ కోర్సు (నేర్చుకున్నదంతా కలిపి చేసే చివరి ప్రాజెక్టు) తీసుకునే వీలు ఉందేమో చేరే ముందే అడిగి, జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి. ఇవన్నీ చూసుకుని నేను డిగ్రీ వదిలేసి, సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ పాఠాలతో నడిచే మూడు కోర్సులే తీసుకున్నాను. మొదటిది పునాది, రెండోది స్విచింగ్, రౌటింగ్, వైర్‌లెస్, మూడోది సెక్యూరిటీ, ఆటోమేషన్ కలిసిన పెద్ద నెట్‌వర్కుల కోర్సు. ఈ మూడూ కలిపితే సీసీఎన్‌ఏ సిలబస్ దాదాపుగా పూర్తవుతుంది.

యూట్యూబ్ చాలదా అన్నారు. ఒక చిన్న సంగతి చెబుతాను. మొదటి కోర్సులో క్యాట్-6 నెట్‌వర్క్ కేబుల్‌కు ఆర్‌జే-45 ప్లగ్ బిగించే పని ఇచ్చారు. లోపల ఎనిమిది తీగలు, రెండేసి మెలిపెట్టి నాలుగు జతలు. నేను నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత అని చూడముచ్చటగా వరుసలో పేర్చి బిగించాను. రెండో చివరా అలాగే చేశాను. టెస్టర్‌లో పెడితే ఒకటి నుంచి ఎనిమిది వరకు పచ్చ దీపాలన్నీ వెలిగాయి. గర్వంగా మా మాస్టారికి ఇచ్చాను. ఆయన ప్లగ్‌ను వెలుతురుకు పట్టి చూసి ఏమీ అనకుండా, "దీనితో రెండు కంప్యూటర్లు కలిపి ఒక పెద్ద ఫైల్ పంపించు" అన్నారు. లింక్ ఒకసారి వస్తుంది, ఒకసారి పోతుంది. ఫైల్ నత్తనడక నడిచింది. ఎందుకో కనుక్కుని వచ్చే వారం చెప్పమన్నారు.

వారమంతా తల పట్టుకున్నాను. సంగతేమిటంటే, మూడో పిన్ను, ఆరో పిన్ను కలిసి ఒక జతగా పనిచేయాలి. అందుకే అసలు వరుసలో మూడులో తెలుపు-ఆకుపచ్చ, నాలుగులో నీలం, అయిదులో తెలుపు-నీలం, ఆరులో ఆకుపచ్చ వస్తాయి. నా వరుసలో మూడో పిన్నుకు ఆకుపచ్చ జతలోని తీగ, ఆరో పిన్నుకు నీలం జతలోని తీగ వెళ్లాయి. కరెంటు రెండు చివరలా సరిగ్గానే అందుతుంది కాబట్టి టెస్టర్ మంచిదంది. కానీ ఒకే సిగ్నల్‌ను మోసే రెండు తీగలూ ఒకదానితో ఒకటి మెలిపడి లేవు కనుక పక్క తీగల రొద అంతా అందులోకి దిగింది. తీగలు మెలిపెట్టేదే ఆ రొద పోవడానికని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. నాకు అర్థమైంది మాత్రం ఆ పాడు కేబుల్ వల్లనే. వీడియోలో ఎవరూ తప్పు కేబుల్ చేసి చూపించరు కదా.

రిచర్డ్‌సన్ రాత్రులు:

నమస్కారం. నేను 1999లో రిచర్డ్‌సన్‌కు వచ్చి, అప్పటి నుంచి ఈ పనిలోనే ఉన్నాను. అప్పట్లో సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే పక్కన ఆ ప్రాంతాన్ని టెలికాం కారిడార్ అనేవారు. నార్టెల్, ఎరిక్సన్, ఎంసీఐ వంటి కంపెనీల బోర్డులే కనిపించేవి. ఆ బోర్డుల్లో ఎన్నో దిగిపోయాయి, కాబట్టి ఏ టెక్నాలజీ అయినా శాశ్వతమని నేను చెప్పను. ఉద్యోగాల విషయం దాచకుండా చెబుతాను. అమెరికా కార్మిక శాఖ అంచనాల్లో నెట్‌వర్క్, సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగాలు రానున్న ఏళ్లలో కొంచెం తగ్గుతాయనీ, నెట్‌వర్కులను రూపొందించే ఆర్కిటెక్టుల ఉద్యోగాలు పెరుగుతాయనీ ఉంది. అడుగు మెట్టు ఇరుకవుతోంది, పై మెట్టు వెడల్పవుతోంది అన్నమాట. వర్క్ పర్మిట్ వచ్చాక మీకు మొదట దొరికేది హెల్ప్‌డెస్కో, నాక్‌లో (నెట్‌వర్క్‌ను రాత్రింబవళ్లు కనిపెట్టి చూసే కేంద్రం) రాత్రి షిఫ్టో, స్కూల్ డిస్ట్రిక్ట్‌లో టెక్నీషియన్ పనో కావచ్చు. అప్పుడు మీ ఆసుపత్రి అనుభవాన్ని చిన్నదిగా రాసుకోకండి, అదే పని ఇక్కడా ఉంటుంది.

క్లౌడ్ వచ్చాక నెట్‌వర్కింగ్ అక్కరలేదన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. అమెజాన్ క్లౌడ్‌లో సొంత నెట్‌వర్క్ తయారు చేసుకోబోతే అది అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి ఏ అడ్రస్ బ్లాక్ (యంత్రాలకు ఇచ్చే నంబర్ల గుంపు) కావాలని. అక్కడ ఒక్కో సబ్‌నెట్‌లో (ఆ బ్లాక్ నుంచి కోసిన ముక్కలో) అయిదు అడ్రసులు వారే ఉంచేసుకుంటారు. ఆ లెక్క తెలియక సబ్‌నెట్‌ను మరీ చిన్నదిగా కోసి తరువాత తల పట్టుకున్నవారిని చూశాను. రెండు శాఖలవారు ఎవరికి వారు ఒకే అడ్రస్ బ్లాక్ ఎంచుకుని, తరువాత రెండింటినీ కలపబోతే నేరుగా కలవవు. కేబుల్ కనిపించకుండా పోయింది కానీ, అడ్రసు, దారి, తలుపు ఎక్కడికీ పోలేదు.

మీరు రౌటర్ ఆపి వేయడం గురించి రాసింది చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే నా ఉద్యోగం ఒకసారి నిలబడింది దానితోనే. ఒక రాత్రి రెండు గంటలకు రెండు స్విచ్‌ల (ఒకే చోటి కంప్యూటర్లను కలిపే పెట్టెలు) మధ్య ఉన్న ట్రంక్ మీదికి కొత్తగా 40వ నంబరు వీల్యాన్‌ను అనుమతించాలి. వీల్యాన్ అంటే స్విచ్‌లో విడిగా కోసిన ఒక చిన్న నెట్‌వర్క్, ట్రంక్ అంటే అలాంటివి చాలావాటిని కలిపి మోసే లింకు. ఆ ఆదేశంలో "యాడ్" అనే మాట ఉండాలి. నిద్రమత్తులో ఆ ఒక్క మాట మరిచి ఎంటర్ కొట్టాను. అది లేకపోతే "40ని కూడా రానివ్వు" అన్నది "40ని మాత్రమే రానివ్వు" అయిపోతుంది. మిగతా వీల్యాన్‌లన్నీ ఒక్క క్షణంలో తెగిపోయాయి, నేను దూరం నుంచి ఆ స్విచ్‌లోకి వెళ్లిన దారితో సహా. తెర మీద కర్సర్ అలాగే నిలబడిపోయింది. స్విచ్‌కు నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ తీసుకుని నలభై నిమిషాలు కారు నడుపుకుంటూ వెళ్లాను. అయితే మార్పును సేవ్ చేయలేదు కాబట్టి, స్విచ్ ఆపి వేయగానే పాత కాన్ఫిగరేషన్‌తో (అమరికలతో) లేచింది. నడుస్తున్న కాన్ఫిగరేషన్ వేరు, నిల్వ ఉన్న కాన్ఫిగరేషన్ వేరు. ఆపి వేస్తే మొదటిది పోయి రెండోది వస్తుంది. మీ ఆసుపత్రి రౌటర్‌లో కారణం బహుశా అది కాదు, మెమరీయో, కనెక్షన్ల పట్టికో నిండి ఉండవచ్చు. ఆ తరువాత దూరం నుంచి ఏ మార్పు చేయాలన్నా, పది నిమిషాల్లో దానంతటదే రీబూట్ అయ్యేలా ముందుగా ఆదేశం ఇచ్చి, అంతా సవ్యంగా ఉంటే దాన్ని రద్దు చేయడం అలవాటు చేసుకున్నాను.

డిగ్రీ విషయంలో పైన రాసిన అమ్మాయితో నాకు కొద్దిగా భేదం ఉంది. కొన్ని పెద్ద సంస్థల్లో, ముఖ్యంగా ప్రభుత్వ పాఠశాలలు, కౌంటీ కార్యాలయాల్లో, దరఖాస్తు వడపోతలో అమెరికా డిగ్రీ అడుగుతారు. అయితే మీ బీఎస్సీని ఇక్కడి లెక్కకు మదింపు చేయించి ఆ కాగితం దగ్గర ఉంచుకుంటే చాలా చోట్ల అది సరిపోతుంది. ముందు ఆ పని చేయించి, డిగ్రీ సంగతి తరువాత ఆలోచించండి.

కృష్ణలంక కుర్రాడు:

ఆగస్టు దాకా ఆగవలసిన పని లేదక్కా. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ సైట్‌లో ఖాతా తెరిస్తే నెట్‌వర్క్‌ను తెర మీదే కట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్ ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. రెండు కంప్యూటర్లు, ఒక స్విచ్, ఒక రౌటర్ పెట్టి కలపండి. రౌటర్ వైపు దీపం ఎర్రగానే ఉంటే కంగారు పడకండి. సిస్కో రౌటర్ పోర్టులు మొదట మూసి ఉంటాయి, "నో షట్‌డౌన్" అని చెబితేనే తెరుచుకుంటాయి. స్విచ్ వైపు నారింజ రంగు దీపం అర నిమిషం ఉండి పచ్చబడుతుంది, అది స్పానింగ్ ట్రీ పని, అంటే కేబుళ్లు తిరిగి వచ్చి వలయం కాకుండా స్విచ్ చూసుకోవడం. నేను మొదటి రోజు ఆ అర నిమిషం ఆగలేక కేబుల్ పది సార్లు పీకి పెట్టాను.

సాయంత్రం క్లాసు:

నేను పగలు ఒక సంస్థలో పనిచేస్తూ, వారంలో రెండు సాయంత్రాలు ఒక కమ్యూనిటీ కాలేజీలో ఈ కోర్సులే చెబుతాను. చర్చ బాగుంది, కొన్ని మాటలు చేరుస్తాను.

కాలేజీని ఎంచుకునే ముందు ల్యాబ్ చూడండి. నిజమైన రౌటర్లు, స్విచ్‌లు ఉన్న ర్యాక్ ఉందా, విద్యార్థులకు క్లాసు లేని వేళల్లో ల్యాబ్ తెరిచి ఉంచుతారా, లేక అంతా ప్యాకెట్ ట్రేసర్‌తో సరిపెడతారా అని అడగండి. మీ దగ్గరలోని కాలిన్ కాలేజీ ఫ్రిస్కో క్యాంపస్‌కు నెట్‌వర్కింగ్ బోధనలో ఎన్నేళ్లుగానో పేరుంది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో నేషనల్ కన్వర్జెన్స్ టెక్నాలజీ సెంటర్‌ను ఆ కాలేజీయే నడిపింది. పూర్తిగా ఆన్‌లైన్ సెక్షన్ తీసుకుంటే ఇంటి నుంచి సులువే కానీ, మీరు చెప్పినదాన్ని బట్టి మీకు కావలసింది ర్యాక్ ముందు కూర్చోవడం. పగటి సెక్షన్లు తక్కువగా ఉంటాయి, త్వరగా నిండుతాయి.

పరీక్ష విషయం: ప్రస్తుత సీసీఎన్‌ఏ పరీక్ష 200-301. ఇది 2020 ఫిబ్రవరిలో వచ్చింది. రుసుము 300 డాలర్లు, పన్ను అదనం, సమయం రెండు గంటలు, సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. అకాడమీ కోర్సు చివరి పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి రాయితీ వోచర్ దొరుకుతుంది కాబట్టి మొదటి ప్రయత్నంలోనే శ్రద్ధగా రాయండి. మూడేళ్ల గడువు ఉంది కనుక, వర్క్ పర్మిట్ ఎప్పుడొస్తుందో తెలియని మీలాంటివారు కోర్సులు ఇప్పుడు చేసినా, పరీక్ష మాత్రం ఐ-140 ఆమోదం దగ్గరపడ్డాక రాయడం మంచిదని నా అభిప్రాయం. కోర్సు మార్కులకు గడువు లేదు.

నా క్లాసులో సగం మంది మానేసేది సబ్‌నెటింగ్ దగ్గర. మనవాళ్లకు నేను దాన్ని వెంచర్ లెక్కలో చెబుతాను. 192.168.10 అనేది 256 ప్లాట్ల వెంచర్ అనుకోండి. 0 నుంచి 255 వరకు ప్లాట్ నంబర్లు. /26 అంటే దాన్ని 64 ప్లాట్ల చొప్పున నాలుగు బ్లాకులుగా కోశారని అర్థం: 0 నుంచి, 64 నుంచి, 128 నుంచి, 192 నుంచి. ప్రతి బ్లాకులో మొదటి నంబరు ఆ బ్లాకు పేరు రాసిన బోర్డుకు పోతుంది, చివరి నంబరు బ్లాకు అంతటికీ వినబడేలా దండోరా వేసే మైకుకు పోతుంది. ఆ రెండింటిలో ఇల్లు కట్టకూడదు. మిగిలినవి 62. ఒక బ్లాకులోని ఇంటి నుంచి అదే బ్లాకులోని ఇంటికి నేరుగా నడిచి వెళ్లవచ్చు. వేరే బ్లాకుకు వెళ్లాలంటే గేటు దాటాలి, ఆ గేటే రౌటర్.

ఇప్పుడు ఒక లెక్క ఇస్తాను. ఒకే స్విచ్‌కు రెండు కంప్యూటర్లు తగిలించారు. ఒకదాని అడ్రస్ 192.168.10.77, రెండోదానిది 192.168.10.130, రెండూ /26. రౌటర్ లేకుండా అవి మాట్లాడుకుంటాయా? మొదటి కంప్యూటర్‌కు గేట్‌వే (అంటే ఆ గేటు) అడ్రస్ ఏమిస్తారు?

పల్నాటి పిల్ల:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. మేముండేది కాలిన్ కౌంటీ వైపేనని లీజు తీసి చూసుకున్నాను. బీఎస్సీ మార్కుల జాబితాలు సీల్ చేయించి పంపమని మా తమ్ముడికి చెప్పాను. వచ్చే మంగళవారం ల్యాబ్ చూడడానికి వెళ్తున్నాను, ఇంటర్న్‌షిప్ బదులు క్యాప్‌స్టోన్ సంగతి కూడా అప్పుడే అడుగుతాను. ప్రస్తుతానికి మూడు కోర్సులే అనుకుంటున్నాను.

మాస్టారూ, మీ లెక్క బాబు నిద్రపోయాక కాగితం మీద వేశాను. 77 వచ్చేది 64 నుంచి 127 వరకు ఉన్న రెండో బ్లాకులో. 130 వచ్చేది 128 నుంచి 191 వరకు ఉన్న మూడో బ్లాకులో. ఒకే స్విచ్‌కు తగిలించినా బ్లాకులు వేరు కాబట్టి రౌటర్ లేకుండా మాట్లాడుకోలేవు. గేటు బ్లాకు మొదట్లో ఉంటుంది కనుక 77కు గేట్‌వేగా 192.168.10.64 ఇస్తాను.

సాయంత్రం క్లాసు:

మొదటి జవాబు సరైనదేనమ్మా. రెండోదాంట్లో గేటును తీసుకెళ్లి బోర్డు మీద కట్టారు. 64 బ్లాకు పేరు, దాన్ని ఏ యంత్రానికీ ఇవ్వకూడదు. 65 నుంచి 126 వరకు 77 తప్ప ఏదైనా ఇవ్వవచ్చు. ఆనవాయితీగా 65 ఇస్తారు. ప్యాకెట్ ట్రేసర్‌లో రౌటర్ పోర్టుకు 64 ఇవ్వబోయి అది ఏమంటుందో ఒకసారి చూడండి.